థ్యాంక్స్‌గివింగ్ విందు: వంటల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నవంబరులో అమెరికాలోని పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు, మొదటిసారి ఎవరింటికో భోజనానికి పిలుపు అందుకున్న విద్యార్థులు, హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఇంట్లోనే అమెరికన్ల కృతజ్ఞతా పండగ థ్యాంక్స్‌గివింగ్ విందు ఒకసారి వండి చూద్దామనుకునేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. ఉష్ణోగ్రతలు సెంటీగ్రేడ్‌లో ఇచ్చాం. అమెరికా ఓవెన్ల మీద ఫారెన్‌హీట్ ఉంటుంది కాబట్టి ముఖ్యమైన చోట్ల అదీ చెప్పాం.

ఈ పండగ ఎప్పుడొస్తుంది? తిథి లెక్కా, తేదీ లెక్కా?

రెండూ కాదు, వారం లెక్క. నవంబరులో నాలుగో గురువారం. అంతర్యుద్ధం నడుస్తుండగా 1863లో అబ్రహాం లింకన్ నవంబరు చివరి గురువారాన్ని దేశమంతా జరుపుకోవాలని ప్రకటించాడు. దాని వెనుక సారా జోసెఫా హేల్ అనే పత్రికా సంపాదకురాలి ఏళ్ల తరబడి పోరు ఉంది. క్రిస్మస్ అమ్మకాలకు ఇంకో వారం దొరుకుతుందని 1939లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ పండగను ఒక వారం ముందుకు జరిపితే చాలా రాష్ట్రాలు ఒప్పుకోలేదు. 1941లో చట్టం చేసి నాలుగో గురువారం అని తేల్చేశారు.

మన ఇళ్లలో దీంతో రెండు చిక్కులు. ఒకటి, గురువారం నీచు ముట్టనివాళ్లు చాలామంది. రెండు, కొన్నేళ్లు ఇది కార్తీక మాసంలో పడుతుంది. 2023లో, 2024లో అలాగే పడింది, 2026లోనూ పడుతుంది. 2025లో మాత్రం మార్గశిరంలోకి వెళ్లింది. పిలిచినవాళ్లకు ఈ సంగతి వారం ముందే చెప్పేయండి. అమెరికాలో ఏం తింటారు, ఏం తినరు అని అడగడం మామూలే, చెప్పడంలో మొహమాటం అక్కర్లేదు. భోజనానికి కూర్చున్నాక చెబితేనే వాళ్లకు ఇబ్బంది.

టేబుల్ మీద ఏమేం ఉంటాయి?

నడుమ కాల్చిన టర్కీ కోడి. దాని రసంతో చేసిన గ్రేవీ. రొట్టె ముక్కలు, ఉల్లిపాయ, సెలెరీ, సేజ్ ఆకు కలిపి చేసే స్టఫింగ్ (అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో దీన్నే డ్రెస్సింగ్ అంటారు, అక్కడ మొక్కజొన్న రొట్టెతో చేస్తారు). వెన్న, పాలు పోసి మెదిపిన బంగాళదుంప. క్రాన్‌బెర్రీ అనే చిన్న ఎర్ర పండ్లతో చేసే తీపి పుల్లని సాస్. గ్రీన్ బీన్ కాసరోల్, చిలగడదుంప కాసరోల్ (కాసరోల్ అంటే అన్నీ ఒకే పళ్లెంలో కలిపి ఓవెన్‌లో వండేది), చిన్న బన్నులు. చివర ‘పై’లు (పిండి పొరలో తీపి మిశ్రమం నింపి ఓవెన్‌లో కాల్చేవి): గుమ్మడి, పీకాన్, ఆపిల్.

ఇది సగటు జాబితా మాత్రమే. నల్లజాతి అమెరికన్ల ఇళ్లలో మాక్ అండ్ చీజ్, కాలర్డ్ ఆకుకూర, గుమ్మడి పైకి బదులు చిలగడదుంప పై లేకుండా పండగ కాదు. ఇటాలియన్ మూలాలున్న ఇళ్లలో లజానియా వస్తుంది, ప్యూర్టోరికో వాళ్లు టర్కీని వెల్లుల్లి, ఒరెగానోలతో పంది మాంసం కాల్చే పద్ధతిలో కాలుస్తారు, నైరుతి రాష్ట్రాల్లో తమాలేలు (పొట్టులో చుట్టి ఆవిరి మీద ఉడికించిన మొక్కజొన్న పిండి ముద్దలు) ఉంటాయి. తెలుగు ఇళ్లలో టర్కీ పక్కనే బిర్యానీ గిన్నె దిగుతుంది. ఎవరింటి పండగ వాళ్లది, అందులో ఏదీ నకిలీ కాదు.

తొలి థ్యాంక్స్‌గివింగ్ అని చెప్పుకునే 1621 విందు నుంచి వస్తున్న భోజనమేనా ఇదంతా?

కాదు. 1621 శరదృతువులో ప్లిమత్‌లో ఇంగ్లండ్ నుంచి వచ్చినవాళ్లు, మాసాసోయిట్ నాయకత్వంలో వచ్చిన సుమారు 90 మంది వాంపనోగ్‌లు (అక్కడి ఆదివాసులు) మూడు రోజులు కలిసి తిన్నారు. అప్పుడే ఎడ్వర్డ్ విన్స్‌లో రాసిన ఉత్తరంలో రెండే సంగతులు స్పష్టంగా ఉన్నాయి: గవర్నరు నలుగురిని పక్షుల వేటకు పంపాడు, వాంపనోగ్‌లు ఐదు జింకలు తెచ్చారు. ఆ పక్షుల్లో టర్కీ ఉండొచ్చు, బాతులూ హంసలూ అయినా కావచ్చు. బంగాళదుంప అక్కడికింకా చేరలేదు. పై చేయడానికి గోధుమపిండి, వెన్న, ఓవెన్ లేవు. క్రాన్‌బెర్రీ చుట్టుపక్కల చిత్తడి నేలల్లో కాసేదే గానీ, సాస్ చేసేంత చక్కెర ఎవరి దగ్గరా లేదు.

ఇప్పుడు మనం చూస్తున్న పళ్లెం 19వ శతాబ్దపు న్యూ ఇంగ్లండ్ వంటిళ్లలో మొదలై 20వ శతాబ్దపు డబ్బా కంపెనీల చేతుల్లో ఆకారం దిద్దుకుంది. క్రాన్‌బెర్రీ సాస్‌ను మార్కస్ యురాన్ 1912లో డబ్బాకెత్తాడు. చిలగడదుంప మీద మార్ష్‌మెలో పరచడం 1917లో ఒక మార్ష్‌మెలో కంపెనీ వేసిన వంటల పుస్తకం నుంచి వచ్చింది. గ్రీన్ బీన్ కాసరోల్‌ను న్యూజెర్సీలోని కామ్‌డెన్‌లో కాంప్‌బెల్ కంపెనీ వంటశాలలో డోర్కస్ రైలీ 1955లో తయారుచేసింది. దీన్ని చిన్నచూపు చూడాల్సిన పని లేదు. 70 ఏళ్లుగా అమ్మమ్మలు చేతులారా చేసి పెడుతున్న వంటకం సంప్రదాయం కాకపోతే మరేమిటి?

ఈ రోజును పండగగా చూడనివాళ్లూ ఉన్నారు. 1970 నుంచి ఏటా ఇదే గురువారం ఆదివాసులు ప్లిమత్‌లో సంతాప దినం పాటిస్తున్నారు. వలస వచ్చినవాళ్ల వల్ల భూమినీ మనుషులనూ పోగొట్టుకున్న జాతి వాళ్లది. ఈ విందులోని మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి, క్రాన్‌బెర్రీ, టర్కీ అన్నీ ఆ ఖండపు ఆదివాసులు వేలయేళ్లుగా ఎరిగిన తిండే.

టర్కీ కోడి మన దేశానికి కొత్తదా?

కొత్తదేమీ కాదు. 1612లో ముకర్రబ్ ఖాన్ అనే మొఘల్ అధికారి గోవా నుంచి జహంగీర్ కోసం తెచ్చిన వింత జీవాల్లో ఇదీ ఉంది. దాని తల, మెడ రంగులు మారడం చక్రవర్తిని ఎంత ఆకట్టుకుందంటే తన జ్ఞాపకాల్లో వర్ణించి, ఆస్థాన చిత్రకారుడు మన్సూర్ చేత బొమ్మ గీయించాడు. ఆ బొమ్మ ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. ఇప్పుడు ఆంధ్ర, తెలంగాణల్లో టర్కీ కోళ్లు పెంచేవాళ్లున్నారు, మనవాళ్లు ఎక్కువగా పులుసుకో వేపుడుకో వాడతారు.

ఇక్కడ కొనేటప్పుడు దుకాణంలో మూడు మాటలు గట్టిగా చెప్పాలి: ముక్కలు కొట్టొద్దు, తోలు తీయొద్దు, మంట మీద కాల్చొద్దు. నాటుకోడిలా కాల్చి పసుపు రాస్తే తోలు బిగుసుకుపోతుంది, ఓవెన్‌లో కరకరలాడదు. వేడినీళ్లలో ముంచి ఈకలు పీకింది కావాలి. వయసు ఆరు నెలలు దాటని పక్షినే తీసుకోండి. ముదురుదైతే పులుసుకు బాగుంటుంది గానీ పొడి వేడిలో ఉడకదు, నార నారగా వస్తుంది.

ఎంతమందికి ఎంత పక్షి?

ఎముకతో కలిపి మనిషికి 500 నుంచి 700 గ్రాములు. ఎనిమిది మందికి 5 నుంచి 5.5 కిలోలు. అంతకన్నా ఎక్కువమంది ఉంటే 9 కిలోల పక్షి ఒకటి కాకుండా 4.5 కిలోలవి రెండు తీసుకోవడం మేలు. పెద్దదాన్ని లోపలిదాకా ఉడికించేలోగా పైమాంసం ఎండిపోతుంది.

ఇండియాలో వాడే 30 లీటర్ల ఓటీజీలో (గట్టు మీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్) 5 కిలోల పక్షి పట్టదు. పట్టినా తోలు పై కడ్డీలకు తగిలి మాడుతుంది. 3 కిలోల లోపుది తీసుకోండి, లేదా తొడలు, రొమ్ము విడదీసి రెండు విడతలుగా కాల్చండి. విడదీసి కాల్చడం తక్కువరకం పద్ధతేమీ కాదు. రుచి మాటకొస్తే మొత్తం పక్షి కన్నా ఇదే బాగా కుదురుతుంది.

గడ్డకట్టిన టర్కీని ఎలా కరిగించాలి?

ఈ విందులో ఎక్కువమంది దెబ్బతినేది కాల్చేటప్పుడు కాదు, ఇక్కడ. ఫ్రిజ్‌లో ప్రతి 2 కిలోలకు ఒక పూర్తి రోజు పడుతుంది. 5.5 కిలోల పక్షికి మూడు రోజులు. గురువారం విందుకు బుధవారం బయటికి తీస్తే లోపల మంచుగడ్డే ఉంటుంది. శనివారం రాత్రి ఫ్రీజర్ నుంచి ఫ్రిజ్ కింది అరలోకి మార్చి, కింద అంచున్న పళ్లెం పెట్టండి. ఎర్రనీళ్లు కారి కూరగాయల మీద పడకూడదు.

మరిచిపోతే చన్నీళ్ల పద్ధతి ఉంది. నీళ్లు చొరని సంచిలో పెట్టి నీళ్లలో పూర్తిగా ముంచాలి, ప్రతి అరగంటకూ నీళ్లు మార్చాలి. కిలోకు గంటకు పైనే పడుతుంది. ఇలా కరిగించినదాన్ని వెంటనే వండేయాలి. వంటింటి గట్టు మీద రాత్రంతా వదిలేయడం మాత్రం వద్దు. లోపల మంచు ఉండగానే పైమాంసం సూక్ష్మజీవులు పెరిగే వేడికి వచ్చేస్తుంది.

కరిగాక పొట్టలోకి, మెడ దగ్గరి సందులోకి చెయ్యి పెట్టి చూడండి. మెడ, గుండె, కందనకాయ, కార్జం ఒక చిన్న సంచిలో కట్టి లోపల దాచి ఉంటాయి. దాన్ని తీయకుండానే కాల్చేసేవాళ్లు ఏటా ఉంటారు. కార్జం తప్ప మిగతావి ఒక ఉల్లిపాయ, క్యారెట్, లీటరున్నర నీళ్లతో రెండు గంటలు సన్నసెగ మీద మరిగిస్తే గ్రేవీకి కావలసిన స్టాక్ తయారవుతుంది. కార్జం వేస్తే చేదెక్కుతుంది.

టర్కీని కడగాలా?

వద్దు. మనకు మాంసం కడగకపోతే మనసొప్పదు, నిజమే. కానీ ఇంత పెద్ద పక్షిని కుళాయి కింద పెడితే తుంపరలు సింకు చుట్టూ, పక్కనున్న సలాడ్ దాకా ఎగురుతాయి. క్రిములను చంపేది ఓవెన్ వేడే. కాగితపు తువ్వాళ్లతో తడి అద్దేయండి చాలు. ఎలాగైనా కడగాల్సిందే అనుకుంటే సింకు ఖాళీ చేసి, సన్నటి ధారతో కడిగి, తర్వాత సింకునంతా సబ్బుతో రుద్దండి.

ఉప్పు ఎంత, ఎప్పుడు?

పక్షి బరువులో నూటికి ఒక వంతు. 5 కిలోలకు 50 గ్రాములు, అంటే మెత్తని ఉప్పు మూడు టేబుల్ స్పూన్లకు కాస్త తక్కువ. మంగళవారం రాత్రి తోలు కిందా, పొట్ట లోపలా, పైనా రాసి మూత పెట్టకుండా ఫ్రిజ్‌లో ఉంచండి. మొదట ఉప్పు నీటిని బయటికి లాగుతుంది, రోజు గడిచేసరికి ఆ ఉప్పునీరు మళ్లీ మాంసంలోకే ఇంకిపోతుంది. తోలు ఎండి కాగితంలా అవుతుంది. అది కరకరలాడాలంటే ఈ ఎండడమే కావాలి. బకెట్లో ఉప్పునీళ్లు పోసి నానబెట్టే పద్ధతిలో మాంసం తేమగానే ఉంటుంది గానీ తోలు మెత్తబడుతుంది, ఫ్రిజ్‌లో బకెట్‌కు చోటూ ఉండదు.

లేబుల్ చదవడం మరవకండి. ఉప్పునీరు ఎక్కించినది అని గానీ, కోషర్ (యూదుల ఆచారం ప్రకారం ఉప్పు పట్టించి శుద్ధి చేసినది) అని గానీ ఉంటే మళ్లీ ఉప్పు పెట్టకూడదు. పెడితే మాంసమే కాదు, గ్రేవీ కూడా నోట పెట్టలేం.

కాల్చడం ఎలా? ఎండిపోకుండా ఏం చేయాలి?

పక్షి రొమ్ము ఎండిపోవడానికి కారణం ఒకటే. రొమ్ము మాంసం 70 డిగ్రీలు దాటిన కొద్దీ తేమ పోగొట్టుకుంటుంది, తొడ మాంసం 80కి దగ్గరపడితే గానీ మెత్తబడదు. రెండూ ఒకే పక్షికి ఉన్నాయి. మిగతా చిట్కాలన్నీ ఈ తేడాను సర్దడానికే.

మామూలు పద్ధతి: ఓవెన్ 165 డిగ్రీలు (325 ఫారెన్‌హీట్). పొట్ట నింపని 5.5 కిలోల పక్షికి సుమారు మూడు గంటలు. తోలుకు నూనె గానీ వెన్న గానీ రాసి, రొమ్ము పైకి ఉండేలా లోతు తక్కువ పాత్రలో జాలీ మీద పెట్టండి. రెండు గంటల తర్వాత తోలు బంగారు రంగుకొస్తే రొమ్ము మీద మాత్రం అల్యూమినియం రేకు కప్పండి. పదేపదే తలుపు తీసి రసం పోయడం వల్ల ఓవెన్ చల్లబడుతుందే తప్ప ఆ రసం మాంసంలోకి దిగదు.

ఇంకో పద్ధతి, మేం గట్టిగా సిఫారసు చేసేది: గట్టి కత్తెరతో వెన్నెముకకు రెండు పక్కలా కత్తిరించి తీసేసి, పక్షిని రొమ్ము పైకి వచ్చేలా తిప్పి నడిమి ఎముకను అరచేత్తో నొక్కి విరిచి చదునుగా పరవండి. తొడలు అంచులకు వచ్చి ఎక్కువ వేడి తగులుతుంది, రొమ్ము నడుమ ఉంటుంది. 220 డిగ్రీల (425 ఫారెన్‌హీట్) దగ్గర సుమారు గంటన్నరలో అయిపోతుంది. టేబుల్ మీద ఫొటోకు అంత బాగుండదు, తినడానికి మాత్రం తిరుగులేదు.

ఏ పద్ధతైనా అయిందో లేదో గడియారం చెప్పదు, థర్మామీటర్ చెబుతుంది. తొడ లోపలి వైపు, రొమ్ములో మందమైన చోట, రెక్క మొదట్లో గుచ్చి చూడండి. మూడుచోట్లా 74 డిగ్రీలు (165 ఫారెన్‌హీట్) రావాలి. మొన ఎముకకు తగిలితే లెక్క తప్పుతుంది. కొన్ని పక్షులకు గుచ్చి వచ్చే ప్లాస్టిక్ మీట పైకి లేచేసరికి రొమ్ము ఎండిపోయి ఉంటుంది, దాన్ని నమ్మొద్దు. తీశాక అరగంట కదపకుండా ఉంచండి. వెంటనే కోస్తే రసమంతా పలక మీదకు పారుతుంది.

నూనెలో వేయించే టర్కీ వల్ల ఇళ్లు తగలబడతాయంటారు, నిజమా?

నిజం. పక్షిలో మంచు మిగిలి ఉంటే మరిగే నూనెలో అది ఒక్కసారిగా ఆవిరై, నూనెను గిన్నెలోంచి పైకి తోస్తుంది. ఆ నూనె పొయ్యి మంటకు తగిలి అంటుకుంటుంది. రెండో కారణం, గిన్నె నిండా నూనె పోయడం. ముందు పక్షిని ఖాళీ గిన్నెలో పెట్టి మునిగేదాకా నీళ్లు పోసి, పక్షిని తీసి, నీటి మట్టం గుర్తు పెట్టుకోండి. నూనె అంతవరకే పోయాలి. గిన్నెనూ పక్షినీ పూర్తిగా తుడిచి ఆరబెట్టాలి. ఆరుబయట, ఇంటి గోడకూ చెక్క డెక్‌కూ దూరంగా, వేరుసెనగ నూనె 175 డిగ్రీల దగ్గర, కిలోకు ఏడెనిమిది నిమిషాలు. దింపేటప్పుడు పొయ్యి ఆర్పేయండి. అంటుకుంటే నీళ్లు పోయకూడదు, గిన్నె మీద మూత పడాలి. అతిథుల్లో వేరుసెనగ పడనివాళ్లున్నారేమో ముందే అడగండి.

స్టఫింగ్ పక్షి పొట్టలో పెట్టాలా, విడిగా చేయాలా?

విడిగానే. పొట్టలో పెడితే పచ్చి రసం దానిలోకి దిగుతుంది కాబట్టి స్టఫింగ్ నడుమ కూడా 74 డిగ్రీలు రావాలి. అంతసేపు ఉంచితే రొమ్ము ఎండుతుంది.

ఎనిమిది మందికి 450 గ్రాముల రొట్టెను అంగుళం ముక్కలుగా కోసి 120 డిగ్రీల దగ్గర ముప్పావు గంట ఎండబెట్టండి. 115 గ్రాముల వెన్నలో రెండు ఉల్లిపాయలు, మూడు సెలెరీ కాడలు మెత్తబడేదాకా వేయించి, రెండు చెంచాల ఎండు సేజ్, ఒక చెంచా థైమ్, మిరియాలు, ఉప్పు వేయండి. రొట్టె ముక్కలు, 600 మి.లీ. స్టాక్, గిలకొట్టిన రెండు గుడ్లు కలిపి వెన్న రాసిన పళ్లెంలో 175 డిగ్రీల దగ్గర 40 నుంచి 45 నిమిషాలు. తాజా మెత్తని రొట్టె వాడితే ముద్దయిపోతుంది. ఎండబెట్టాలనేది అందుకే. థైమ్ దొరక్కపోతే చిటికెడు వాము నలిపి వేయండి, రెండింటిలోనూ వాసన ఇచ్చే థైమాల్ ఒక్కటే. సేజ్‌కు మాత్రం మన వంటింట్లో సాటి లేదు. పెద్ద సూపర్ మార్కెట్లలో ఎండు ఆకు సీసా దొరుకుతుంది, కొనండి. ఈ పండగ వాసన అదే.

గ్రేవీ ఉండలు కడుతోంది. ఎందుకు?

పిండి కొవ్వులో వేగకముందే నీళ్లు తగిలినందుకు. కాల్చిన పాత్రలో మిగిలిన రసాన్ని గ్లాసులో పోసి పది నిమిషాలు ఆగితే కొవ్వు పైకి తేలుతుంది. ఆ కొవ్వు నాలుగు టేబుల్ స్పూన్లు, మైదా నాలుగు టేబుల్ స్పూన్లు కలిపి లేత గోధుమరంగు వచ్చేదాకా మూడు నాలుగు నిమిషాలు వేయించండి. అడుగు రసం, స్టాక్ కలిపి 500 మి.లీ. వేడి చేసి, మొదట గరిటెడు మాత్రమే పోసి ముద్దలా కలిపి, తర్వాత మిగతాది. చివర ఉప్పు చూడండి, రసం ముందే ఉప్పుగా ఉంటుంది. ఇంకా ఉండలుంటే జల్లెడ పట్టండి.

ఇంత చప్పగా తింటారేం? మసాలా వేయొచ్చా?

విడివిడిగా తింటే చప్పగానే ఉంటుంది. టర్కీ ముక్క, స్టఫింగ్, గ్రేవీ, కొంచెం క్రాన్‌బెర్రీ ఒకే ముద్దలో తినాలి. అప్పుడు ఉప్పు, కొవ్వు, పులుపు, తీపి, సేజ్ ఘాటు కలుస్తాయి. మా సలహా: మొదటిసారి వాళ్ల పద్ధతిలోనే వండండి. దాని రుచి ఏమిటో తెలిశాక మార్చుకోవచ్చు.

మసాలా వేస్తే అల్లంవెల్లుల్లి, కారం, మిరియాలు వెన్నలో కలిపి తోలు కింద పెట్టండి, తోలు పైన కాదు. పైన వెల్లుల్లి మూడు గంటలు ఉంటే మాడి చేదెక్కుతుంది. పెరుగులో నానబెడితే మాంసం మెత్తబడుతుంది గానీ తోలు కరకరలాడదు.

క్రాన్‌బెర్రీ సాస్ ఎలా? ఇండియాలో పండు దొరకదు కదా?

అమెరికాలో ఒక సంచి 340 గ్రాములు. దానికి 200 గ్రాముల చక్కెర, 240 మి.లీ. నీళ్లు. పండ్లు టపటప పగిలేదాకా పది నిమిషాలు ఉడికిస్తే చాలు. వేడిగా ఉన్నప్పుడు పలచగా కనిపించి కంగారు పడతారు. పండులోని పెక్టిన్ వల్ల చల్లారాక దానంతటదే గడ్డకడుతుంది. అందుకే ముందురోజే చేసిపెట్టుకోవాలి.

ఇండియాలో దుకాణాల్లో ఎక్కువగా కనిపించేది చక్కెర పట్టించి ఎండబెట్టినది, సాస్‌కు దానికి పులుపు చాలదు. మన దగ్గర రెండు మంచి ప్రత్యామ్నాయాలున్నాయి. ఒకటి వాక్కాయ. వానాకాలంలో వస్తుంది కాబట్టి పండినవి గింజ తీసి ఫ్రీజర్‌లో దాచుకోవాలి. పచ్చివాటిలో పాలు ఎక్కువ, జిగటగా వస్తుంది. రెండోది ఎర్ర గోంగూర కాయ చుట్టూ ఉండే కండగల ఎర్ర రేకలు. అమెరికాలో వీటికి ఫ్లోరిడా క్రాన్‌బెర్రీ అనే పేరే ఉంది, అవి చేతికొచ్చే కాలం కూడా సరిగ్గా కలుస్తుంది. 250 గ్రాముల రేకలకు 200 గ్రాముల చక్కెర, 300 మి.లీ. నీళ్లు, పదిహేను నిమిషాలు. రంగు, పులుపు రెండూ అచ్చం అలాగే వస్తాయి.

గుమ్మడి పైకి మన గుమ్మడికాయ పనికొస్తుందా?

తియ్య గుమ్మడి బ్రహ్మాండంగా పనికొస్తుంది. అమెరికా డబ్బాల్లోని ముద్ద కూడా ఎక్కువగా ఇదే జాతికి చెందిన డికిన్సన్ అనే రకంతో చేసిందే, హాలోవీన్‌కు చెక్కే గుమ్మడి కాదు. బూడిద గుమ్మడి పనికిరాదు.

కిలోంబావు ముక్కను గింజలు తీసి 200 డిగ్రీల దగ్గర ముప్పావు గంట కాల్చి, గుజ్జు తీసి మెదిపి, పలచటి గుడ్డలో గంటసేపు వేలాడదీయండి. నీళ్లలో ఉడికించొద్దు. పై అడుగు పచ్చిగా నానిపోవడానికి మొదటి కారణం ఆ నీరే. గట్టి గుజ్జు 425 గ్రాములు, చక్కెర 150 గ్రాములు, రెండు గుడ్లు, దాల్చినచెక్క పొడి ఒక చెంచా, శొంఠి అర చెంచా, లవంగ పొడి పావు చెంచా, ఉప్పు అర చెంచా, ఎవాపొరేటెడ్ పాలు 350 మి.లీ. ఆ పాల డబ్బా లేకపోతే 900 మి.లీ. చిక్కటి పాలను 350 మి.లీ. అయ్యేదాకా మరిగించండి. కండెన్స్‌డ్ మిల్క్ వాడితే అందులోనే చక్కెర ఉంటుందని గుర్తుంచుకోండి.

అడుగు పొరకు మైదా 180 గ్రాములు, చల్లటి వెన్న 110 గ్రాములు, అర చెంచా ఉప్పు, మూడు నాలుగు టేబుల్ స్పూన్ల ఐసు నీళ్లు. వెన్న పెసరగింజంత ముక్కలుగా మిగిలి ఉండగానే పిండిని దగ్గరికి తేవాలి, చపాతీ పిండిలా మర్దించకూడదు. మర్దిస్తే గట్టి బిస్కెట్టు అవుతుంది. విశాఖ, చెన్నై లాంటి చోట్ల నవంబరులోనూ వెన్న కరిగిపోతుంది కాబట్టి గిన్నె, పిండి కూడా ఫ్రిజ్‌లో చల్లబరచండి. పిండిని అరగంట ఫ్రిజ్‌లో ఉంచి, పళ్లెంలో పరిచి, కాగితం వేసి దానిమీద రాజ్మా గింజలు బరువుగా పోసి 200 డిగ్రీల దగ్గర పదిహేను నిమిషాలు. గింజలు తీసి మిశ్రమం పోసి, 220 డిగ్రీల దగ్గర పదిహేను నిమిషాలు, తర్వాత 175కి తగ్గించి 40 నుంచి 50 నిమిషాలు. పళ్లెం కదిపితే అంచులు నిలిచి నడుమ మాత్రం కొద్దిగా వణకాలి. నడుమ కూడా గట్టిపడేదాకా ఉంచితే గుడ్డు బిగుసుకుని చల్లారాక పై పగులుతుంది. పూర్తిగా చల్లారడానికి రెండు గంటలు పడుతుంది, బుధవారమే చేసేయండి.

శాకాహారి ఈ విందులో ఏం తినొచ్చు?

చూడ్డానికి శాకాహారంలా కనిపించేవాటిలోనే జాగ్రత్త పడాలి. స్టఫింగ్‌లో కోడి స్టాక్ ఉంటుంది. గ్రేవీ ఎలాగూ మాంసరసమే. మార్ష్‌మెలోలో జెలటిన్, అది ఎక్కువగా పంది తోలు నుంచి తీసింది. అమెరికా దక్షిణాది ఆకుకూరల్లో పొగబెట్టిన పంది ముక్క వేస్తారు. పై అడుగు పొరలో వెన్నకు బదులు పంది కొవ్వు ఉండొచ్చు, గుమ్మడి పైలో గుడ్డు తప్పదు. నిశ్చింతగా తినగలిగేవి మెదిపిన బంగాళదుంప, క్రాన్‌బెర్రీ సాస్, బన్నులు. గుడ్డు తినేవాళ్లకైతే, అడుగు పొరలో పంది కొవ్వు లేదని అడిగి తెలుసుకున్నాక, పైలు కూడా. సోయాతో చేసిన టోఫర్కీ 1995 నుంచి దుకాణాల్లో ఉంది గానీ, అంతకన్నా మీరే ఒక వంటకం వండి తీసుకెళ్లడం నయం.

గ్రీన్ బీన్ కాసరోల్ అందుకు బాగా కుదురుతుంది. 450 గ్రాముల బీన్స్ ఉడికించి, పుట్టగొడుగులు వేసిన చిక్కటి వైట్ సాస్ 400 మి.లీ. కలిపి 175 డిగ్రీల దగ్గర 25 నిమిషాలు, పైన వేయించిన ఉల్లిపాయలు చల్లి ఇంకో ఐదు నిమిషాలు. బిర్యానీ మీద వేసే ఉల్లి సరిగ్గా సరిపోతుంది. ఉల్లి మొదటే వేస్తే మెత్తబడిపోతుంది.

భోజనానికి పిలిచారు. ఏం తీసుకెళ్లాలి?

ఏం తెమ్మంటారని ముందు అడగండి. ఎవరేం తెస్తారో పంచుకునే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. మీరు తెచ్చేది ఆ ఇంటి ఓవెన్ అవసరం లేనిదై ఉండాలి, ఆ రోజు ఓవెన్‌లో చోటు ఎవరూ ఇవ్వలేరు. పులిహోర మంచి ఎంపిక, చల్లగా కూడా రుచిస్తుంది. అందులో వేరుసెనగలు, జీడిపప్పు ఉన్నాయని ఒక చీటీ పెట్టండి. భోజనం సాధారణంగా మధ్యాహ్నం రెండు నుంచి సాయంత్రం ఆరు మధ్య ఉంటుంది, రాత్రి భోజనమనుకుని ఎనిమిదికి వెళ్తే గిన్నెలు కడిగే వేళకు చేరతారు. వడ్డించేవాళ్లు ఉండరు, గిన్నెలు చేతులు మారుతూ వస్తాయి.

అమెరికా బయట ఇంకెవరు చేసుకుంటారు?

కెనడాలో అక్టోబరు రెండో సోమవారం, 1957లో ఖాయమైంది. అక్కడ చలి, కోతలు ముందే వస్తాయి. వంటకాలు చాలావరకు ఇవే. మూడు రోజుల సెలవులో ఏ రోజైనా తింటారు కాబట్టి హడావుడి తక్కువ. అమెరికా నుంచి వెళ్లిన నల్లజాతి ప్రజలు స్థిరపడిన లైబీరియాలో నవంబరు మొదటి గురువారం. అక్కడ కోడి, కర్రపెండలం ఉంటాయి, కారం బాగా వేస్తారు. ఆస్ట్రేలియాకు చెందిన నార్‌ఫోక్ దీవిలో నవంబరు చివరి బుధవారం, అమెరికన్ రాకపోకల వల్ల 19వ శతాబ్దం చివర మొదలైంది. అరటిపండ్ల వంటకాలు గుమ్మడి పై పక్కన చేరతాయి.

మిగిలినదాన్ని ఏం చేయాలి?

వండిన రెండు గంటల్లోపే మాంసం ఎముక నుంచి విడదీసి, లోతు తక్కువ డబ్బాల్లో ఫ్రిజ్‌లో పెట్టండి. మొత్తం పక్షిని అలాగే పెడితే లోపల గంటల తరబడి వెచ్చగా ఉంటుంది. మూడు నాలుగు రోజులు వాడొచ్చు, అంతకు మించితే ఫ్రీజర్.

టర్కీ బిర్యానీ చేసేవాళ్లు ఒక సంగతి గమనించాలి. ఇది ముందే ఉడికిన మాంసం, పచ్చి మాంసంలా మసాలాలో ఉడికిస్తే పీచవుతుంది. ఉల్లి, టమాటా, పెరుగు, మసాలా నూనె తేలేదాకా విడిగా వండి దింపి, తొడ ముక్కలు కలిపి, ముప్పాతిక వంతు ఉడికిన బియ్యం పరిచి పదిహేను నిమిషాలే దమ్ చేయండి. రొమ్ము ముక్కలు బిర్యానీకి వద్దు, గ్రేవీతో సాండ్‌విచ్‌కు ఉంచుకోండి. ఎముకలు మూడు గంటలు మరిగించి వడగట్టిన స్టాక్‌లో మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి దంచి వేస్తే మంచి చారు అవుతుంది.